తేదీ అడిగే ముందు

డెబ్బై దాటిన మనిషి పేర్లు మర్చిపోతుంటే అది వయసు వల్లనా, జబ్బు వల్లనా? పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. ఛత్తీస్‌గఢ్‌లో భిలాయ్‌ని ఆనుకుని ఉన్న జాముల్ లాంటి చోట, తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్నలో ఇంకో మెలిక ఉంది. డ్యూటీ అంతా హిందీలో చేసి రిటైరైన పెద్దాయన ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా తెలుగే మాట్లాడుతుంటారు. ఆస్పత్రిలో హిందీలో ప్రశ్నలడిగితే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. ఇంటికొచ్చాక వాటిలో కొన్నింటికి తెలుగులో జవాబు చెబుతారు. మరి ఆయనకు పోయింది జ్ఞాపకమా, హిందీయా?

ఈ మెలిక ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలంటే కాస్త చరిత్రలోకి వెళ్లాలి. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారం పని మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 1965లో జాముల్‌లో ఏసీసీ సిమెంటు కర్మాగారం వచ్చింది. ఉక్కు కొలిమిలో మిగిలిన స్లాగ్ ఆ సిమెంటుకు సరుకైంది. విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలు మార్గం అంతకు చాలా ముందే పడింది కనుక ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు పనికోసం ఈ వైపు రావడం తేలికైంది. ఆ రోజుల్లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లుగా రైలెక్కినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. ఇంట్లో తెలుగు, ప్లాంటులో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ. పిల్లలు హిందీ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివారు, మనవలకు తెలుగు వినడం వచ్చుగానీ చదవడం రాదు. ఈ తరం పెద్దవాళ్ల మతిమరుపును కొలవాలంటే ఏ భాషలో, దేనితో కొలవాలి? ఈ అధ్యాయం ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది. నా వాదన ఒక్కటే. మతిమరుపు జబ్బును తేల్చేది ఆ మనిషి నిన్నటి బతుకుతో నేటి బతుకును పోల్చి చూడటం. పరీక్షలో వచ్చే మార్కులు, స్కాన్‌లో కనబడే నీడలు ఆ పోలికకు సాయం చేస్తాయి, దాని బదులు నిలబడలేవు.

మరుపు ఎప్పుడు జబ్బవుతుంది

డిమెన్షియా అన్నది ఒక జబ్బు పేరు కాదు, జబ్బులు తెచ్చే ఒక స్థితి పేరు. జ్ఞాపకం, మాట, దారి తెలియడం, లెక్క, నిర్ణయం తీసుకోవడం, నలుగురిలో నడుచుకునే తీరు, వీటిలో ఒకటికి మించి దెబ్బతిని, దానివల్ల ఆ మనిషి తన పనులు తాను చేసుకోలేకపోతే దాన్ని డిమెన్షియా అంటారు. దాన్ని తెచ్చేవాటిలో ఆల్జీమర్స్ ప్రధానమైనది. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది ఇంకొకటి. బీపీ, షుగర్ అదుపులో లేని మన దేశంలో దీన్ని తక్కువగా చూడటానికి వీల్లేదు. లేని మనుషులు, జంతువులు కళ్లకు కనబడుతూ, ఒకరోజు బాగుండి మరుసటి రోజు అయోమయంగా ఉండే ల్యూయీ బాడీ జబ్బు మరొకటి. యాభైల్లోనే మొదలై, జ్ఞాపకం కన్నా ముందు సిగ్గూ మర్యాదా పోగొట్టే ఫ్రాంటోటెంపొరల్ జబ్బు ఇంకొకటి. ఈ చివరిదాన్ని ఇంటివాళ్లు జబ్బుగా కాక బుద్ధి చెడటంగా చూస్తారు. మనిషి మారిపోయాడని నిందిస్తారు, తాయెత్తులు కట్టిస్తారు, డాక్టరు దగ్గరికి మాత్రం ఆలస్యంగా వస్తారు.

వయసుతో వచ్చే మరుపు వేరు. పేరు నాలుక చివర ఆడుతుంది, కాసేపటికి దొరుకుతుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టామో గుర్తురాదు, వెతుక్కుంటే దొరుకుతుంది. జబ్బు మరుపులో నిన్న జరిగిన పెళ్లికి వెళ్లామన్న సంగతే ఉండదు, గుర్తుచేసినా రాదు. మర్చిపోయానన్న స్పృహ కూడా క్రమంగా పోతుంది. అందుకే ‘నాకు మతిమరుపు ఎక్కువైంది డాక్టరుగారూ’ అని తానే వచ్చి చెప్పే మనిషి గురించి కన్నా, ‘నాకేం లేదు, వీళ్లే తీసుకొచ్చారు’ అనే మనిషి గురించి వైద్యులు ఎక్కువగా ఆలోచిస్తారు. వయసు మరుపుకూ జబ్బు మరుపుకూ మధ్య ఒక మెట్టుంది. పరీక్షలో లోపం కనబడుతుంది, రోజువారీ పనులు మాత్రం సాగిపోతుంటాయి. దీన్ని తేలికపాటి మేధాక్షీణత అనవచ్చు. ఈ మెట్టు మీదున్న ప్రతివారూ డిమెన్షియాలోకి జారరు. కొందరు అక్కడే ఆగుతారు, కొందరు మామూలు స్థితికి వస్తారు కూడా. వాళ్లకు చెప్పాల్సింది భయం కాదు, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూపించుకోమని.

పనులు చేసుకోగలగడం అన్నది ఇంత ముఖ్యమైతే, చిక్కు కూడా అక్కడే ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్ల చేతిలోంచి పనులు జబ్బు రాకముందే తీసేస్తాం. మగవారు రిటైరవుతారు. పెన్షన్ డబ్బు కొడుకు తెస్తాడు, కరెంటు బిల్లు మనవడు ఫోన్లో కడతాడు. ఆడవారి చేతిలోంచి కోడలు గరిటె తీసుకుంటుంది, అదీ గౌరవంతోనే. ఇక ఆ మనిషి తప్పు చేయడానికి చోటే ఉండదు, కాబట్టి తప్పు కనబడదు. రెండు మూడేళ్లు గడిచాక ఊరెళ్లినప్పుడు, తెలియని ఇంట్లో అర్ధరాత్రి బాత్రూం దారి తెలియక గాభరా పడినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉన్నారు’ అంటారు ఇంటివాళ్లు. నిన్నటిదాకా ఎవరూ చూడలేదన్నది నిజం.

కర్మాగారంలో పనిచేసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మోటారు బేరింగ్ వేడి ఈరోజు ఇంత అన్న ఒక్క అంకెతో మెకానిక్ ఏమీ తేల్చడు. లాగ్‌బుక్ తిప్పి పోయిన నెల ఎంతుందో చూస్తాడు. ఒక యంత్రానికి ఎప్పుడూ ఉండే వేడి పక్క యంత్రానికి ప్రమాద సూచన కావచ్చు. మనిషి విషయంలో ఆ లాగ్‌బుక్ ఇంట్లోవాళ్ల దగ్గర ఉంటుంది. భిలాయ్ పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో దిగి ఇంటికి ఒంటరిగా రాగలుగుతున్నారా, మందులు తామే వేసుకుంటున్నారా, ఏటా పెట్టే ఆవకాయలో ఉప్పూకారాల పాళ్లు తప్పుతున్నాయా, చీటీ డబ్బు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పగలుగుతున్నారా అన్నవి అందులో నమోదులు. ఎప్పుడూ వంట ముట్టని మగమనిషికి టీ పెట్టడం రాకపోతే అది లక్షణం కాదు. యాభై మందికి వండిన మనిషి చారులో చింతపండు వేయడం మరిస్తే అది లక్షణం.

ఇంటివాళ్ల సాక్ష్యాన్ని నమ్మవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. అత్తాకోడళ్ల పొరపొచ్చాలుంటాయి, ఆస్తి గొడవలుంటాయి. ఒక కొడుకు దాస్తాడు, ఇంకో కొడుకు పెంచి చెబుతాడు. ఈ అభ్యంతరంలో న్యాయముంది. అందుకే వీలైతే ఇద్దరిని విడివిడిగా అడగాలి, ‘ఎలా ఉన్నారు’ అని కాక ‘పోయిన ఉగాదికి చేసిన ఏ పని ఈ ఉగాదికి చేయలేకపోయారు’ అని అడగాలి. అభిప్రాయంలో పక్షపాతం తేలిగ్గా దూరుతుంది, ఒక ఫలానా పని చేశారా లేదా అన్న దాంట్లో అంత తేలిగ్గా దూరదు. ఈ జబ్బు చరిత్ర మొదలైందే ఇంటివారి మాటతో. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో 51 ఏళ్ల ఆగస్టా డీటర్‌ను చూసిన ఆలోయిస్ ఆల్జీమర్, ఆమె భర్త చెప్పిన సంగతులు విన్నాడు. ఆమెలో ముందుగా బయటపడింది మరుపు కాదు, భర్త మీద లేనిపోని అనుమానం. ఆల్జీమర్ ఆమెను అడిగినవి పేరేమిటి, భర్త పేరేమిటి, ఇప్పుడు తింటున్నదేమిటి లాంటి మాటలే. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూడటం ఆ తర్వాతి సంగతి.

ముప్ఫై మార్కుల పరీక్ష

ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే పరీక్ష 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, వారి సహచరుడు కలిసి తయారుచేసినది. మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ దాని పేరు, మొత్తం 30 మార్కులు. ఈరోజు తేదీ ఎంత, ఈ ఊరి పేరేమిటి, నేను చెప్పే మూడు వస్తువుల పేర్లు కాసేపయ్యాక మళ్లీ చెప్పండి, వంద లోంచి ఏడేడు తీసేస్తూ పోండి, కాగితం మీద రాసింది చదివి అలా చేయండి, ఒక వాక్యం రాయండి, ఈ బొమ్మ చూసి గీయండి. పది నిమిషాల్లో అయిపోతుంది. 24 కన్నా తగ్గితే అనుమానించాలన్నది చాలాచోట్ల వాడుక.

ఈ ప్రశ్నలను బడి మొహం చూడని ఒక పెద్దావిడ ముందు పెట్టి చూడండి. చదవడం, రాయడం, బొమ్మ గీయడం, వందలోంచి ఏడు తీయడం, ఇక్కడే బోలెడు మార్కులు పోతాయి. తేదీ ఆవిడకు ఎన్నడూ అక్కర్లేదు. ఏకాదశి ఎప్పుడో, కార్తీకం ఎన్నాళ్లుందో అడిగితే టక్కున చెబుతుంది. ఆవిడ మెదడు భేషుగ్గా ఉంది, పరీక్ష మాత్రం జబ్బంటుంది. కలం పట్టని చేతికి బొమ్మ వంకరగా రావడం మెదడు లోపం కాదు, అలవాటు లేకపోవడం.

ఈ సంగతి మన దేశంలో పరిశోధకులు ముందే పసిగట్టారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెల్లో జరిగిన ఇండో-అమెరికన్ అధ్యయనం కోసం మేరీ గంగూలీ బృందం ఆ పరీక్షను హిందీలోకి మార్చి 1995లో ప్రచురించింది. ఊరికే అనువదించి ఊరుకోలేదు. ఏడేడు తీసేయడం బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పమన్నారు. చదివి చేయమనడం బదులు ‘నా మొహం చూసి నేను చేసినట్టు చేయి’ అని కళ్లు మూసి చూపించారు. వాక్యం రాయమనడం బదులు ‘మీ ఇంటి గురించి ఏదైనా చెప్పు’ అన్నారు. కొలిచే శక్తులు అవే, కొలిచే దారి మాత్రం నిరక్షరాస్యులకు తెరిచి ఉన్నది. ఇంటివారిని అడిగే రోజువారీ పనుల ప్రశ్నావళి కూడా అదే ప్రాజెక్టులోంచి వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి ఆ తర్వాత తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషల్లో పరీక్షల సంపుటి ఒకటి తయారుచేయించింది. తెలుగులో మతిమరుపును కొలిచే సాధనం లేదన్న సాకు ఇక చెల్లదు.

జాముల్ పెద్దాయనకు ఇవన్నీ ఎలా వర్తిస్తాయి? ఆయనకు హిందీ వచ్చు, కాబట్టి హిందీ పరీక్ష చాలునని డాక్టరు అనుకోవడం సహజమే. కానీ పెద్దయ్యాక ప్లాంటులో నేర్చుకున్న హిందీ డ్యూటీ మాటలకు, బేరాలకు సరిపోయిన హిందీ. అందులో పూలు, పక్షులు, వంటపాత్రల పేర్లు ఒక నిమిషంలో ఎన్ని చెప్పగలరని అడిగితే, చక్కగా ఉన్న మనిషి కూడా తడబడతాడు. రిటైరయ్యాక ఇంట్లోనే ఉండి హిందీ వాడకం తగ్గితే అది ఇంకా మొద్దుబారుతుంది. కాబట్టి రెండో భాష తగ్గడం ఒక్కదాన్నే జబ్బు గుర్తుగా తీసుకోకూడదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. రెండు భాషలు తెలిసిన డిమెన్షియా రోగులు ఎదుటి మనిషికి ఏ భాష వచ్చో చూసుకోకుండా మాట్లాడేయడం, ఒక భాషలో మొదలుపెట్టి తెలియకుండానే ఇంకో భాషలోకి జారిపోవడం వైద్యులు గమనించారు. కూరగాయల బండివాడికి తెలుగు రాదన్న సంగతి తెలిసి, హిందీ మాట తట్టక తెలుగు మాట వాడి నవ్వేయడం ఒకటి. అతనికి తెలుగు రాదన్న సంగతే తోచకపోవడం ఇంకొకటి. రెండోది డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

ఇంకో సంగతి కూడా కలపాలి. చెవులు. రోలింగ్ మిల్లు హోరులో, సిమెంటు మిల్లు మోతలో ఏళ్లతరబడి పనిచేస్తే వినికిడి దెబ్బతింటుంది. వినబడని ప్రశ్నకు వచ్చే మౌనం, గుర్తురాని ప్రశ్నకు వచ్చే మౌనం చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చెవి సంగతి తేల్చకుండా జ్ఞాపకం సంగతి తేల్చడం తొందరపాటే.

రెండు భాషలు కాపాడతాయా

తెలుగువారి నేల మీద జరిగిన ఒక అధ్యయనం ఈ రంగంలో ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. హైదరాబాద్ నిమ్స్‌లో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ తదితరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారిలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు భాషల వారిలో 65.6 ఏళ్లకు మొదలైంది. తేడా నాలుగున్నరేళ్లు. అంతకుముందు కెనడాలోని టొరంటోలో ఇలాంటి ఫలితమే వస్తే, అక్కడి రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు కదా, ఇది భాషల మహిమా, వలస వచ్చే మనుషుల గట్టిదనమా అన్న సందేహం మిగిలింది. హైదరాబాద్‌లో తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు ఊరివాళ్ల నోళ్లలోనే ఆడతాయి. వలసతో పనిలేదు. చదువురానివారిలో కూడా తేడా కనబడింది కనుక చదువు వల్ల వచ్చిన లాభమని కూడా అనలేం. మూడో భాష, నాలుగో భాష అదనంగా మేలు చేసిన దాఖలా మాత్రం లేదు. అదే బృందం 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించినప్పుడు, ఆ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషల వారిలో 40.5 శాతం, ఒకే భాష వారిలో 19.6 శాతం.

ఇది ముచ్చటైన ఫలితమే గానీ, అభ్యంతరాలున్నాయి. ఆస్పత్రికి వచ్చినవాళ్లను లెక్కించడం వేరు, ఊరంతటినీ ఏళ్లతరబడి గమనించడం వేరు. అలా గమనించిన కొన్ని అధ్యయనాల్లో రెండు భాషల వల్ల డిమెన్షియా ముప్పు తగ్గినట్టు తేలలేదు. నా మట్టుకు నాకు, రెండు భాషలు జబ్బును ఆపుతాయనడం కన్నా, లక్షణాలు బయటపడటాన్ని ఆలస్యం చేస్తాయనడం సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది. నిత్యం ఒక భాషను ఆపి ఇంకో భాషను ఎత్తుకునే మెదడు, కొంత దెబ్బతిన్నా పని నెట్టుకురాగలుగుతుంది. దీన్నే మేధానిల్వ అంటున్నారు. అమెరికాలో 1986లో మొదలైన క్రైస్తవ సన్యాసినుల అధ్యయనంలో, చనిపోయాక చూస్తే మెదడు నిండా ఆల్జీమర్స్ గుర్తులున్నా బతికుండగా చురుగ్గా ఉన్నవారు కొందరు కనిపించారు.

ఇందులో భిలాయ్, జాముల్ కుటుంబాలు పట్టించుకోవాల్సిన ఒక ఇబ్బంది ఉంది. మేధానిల్వ ఉన్న మనిషి పరీక్షను కూడా నెట్టుకొస్తాడు. నాలుగు భాషల్లో గలగలా మాట్లాడే పెద్దాయనకు 30కి 28 వచ్చి ‘ఏమీ లేదు’ అనిపించుకోవచ్చు. ఇంట్లో మాత్రం భార్యకు తెలుసు, ఆయన మునుపటి మనిషి కాడని. బడికి వెళ్లని ఆవిడను లేని జబ్బుతో ముద్రవేసే పరీక్షే, ఈయన విషయంలో ఉన్న జబ్బును వదిలేస్తుంది. ఒకే కొలబద్ద రెండు వైపులా తప్పుతున్నప్పుడు, మార్కుల గీతను పైకో కిందికో జరిపినంత మాత్రాన సరిపోదు. ఆ మనిషి నిన్న ఎలా ఉండేవారో తెలియాలి.

ముందు వెతకాల్సినవి

పోలిక చూసి, మార్పు నిజమేనని తేలాక, డాక్టరు వెంటనే ఆల్జీమర్స్ అనడు. మతిమరుపులా కనబడే, సరిదిద్దగల వాటిని ముందు వెతుకుతాడు. మొదట చూడాల్సింది మార్పు ఎంత వేగంగా వచ్చిందన్నది. రెండు రోజుల్లో అయోమయం మొదలైతే అది చాలావరకు డిమెన్షియా కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, న్యుమోనియానో, ఒంట్లో సోడియం తగ్గడమో అయుండవచ్చు. అది అత్యవసరం, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. కొన్ని వారాల్లో వస్తే, ఆమధ్య ఎప్పుడైనా పడ్డారా అని అడగాలి. చిన్న దెబ్బే అనుకున్నది తలలో నెమ్మదిగా రక్తం గడ్డకట్టించి ఉండవచ్చు. నడక కాళ్లు నేలకు అతుక్కున్నట్టయి, మూత్రం ఆపుకోలేక, మరుపు కూడా తోడైతే మెదడులో నీరు చేరడం గురించి ఆలోచిస్తారు. దానికి శస్త్రచికిత్స ఉంది.

థైరాయిడ్ తక్కువ కావడం, బీ12 తగ్గడం రక్తపరీక్షలో తేలిపోతాయి. శాకాహారుల్లో, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడుతున్నవారిలో బీ12 తగ్గే అవకాశం ఎక్కువ. మద్యం అలవాటున్నవారిలో బీ1 లోపం జ్ఞాపకాన్ని దారుణంగా దెబ్బతీస్తుంది. దిగులు జబ్బు ఇంకొకటి. తోడు పోయాక, రిటైరయ్యాక, ఏదడిగినా ‘ఏమో, తెలీదు’ అనే మనిషికి మరుపుకన్నా నిరాశే ఎక్కువ కావచ్చు. అయితే ముసలితనంలో మొదటిసారి వచ్చే దిగులు డిమెన్షియాకు తొలి మెట్టు కూడా కావచ్చు కనుక, తగ్గాక కూడా కనిపెట్టి ఉండాలి.

వీటన్నిటికన్నా తరచుగా మరిచేది మందుల సంచి. నిద్రపట్టడానికి ఆల్ప్రజోలామ్, నొప్పులకు అమిట్రిప్టిలిన్, చేతుల వణుకుకు ట్రైహెక్సిఫెనిడిల్, జలుబుకు మగత తెచ్చే బిళ్ల, మూత్రం ఆపుకోవడానికి ఇంకొకటి. ఒక్కో డాక్టరు ఒక్కోటి రాసి ఉంటారు, కొన్ని చీటీ లేకుండానే కొన్నవి. ముసలి మెదడును ఇవి మొద్దుబరుస్తాయి. ఇంట్లో ఉన్న ప్రతి షీటూ సంచిలో వేసి డాక్టరు ముందు కుమ్మరించడం ఖరీదైన పరీక్షలకన్నా ఎక్కువ ఫలితమిచ్చే సందర్భాలున్నాయి.

సరిదిద్దగల కారణాలు చాలా అరుదు కదా, అందరికీ ఈ పరీక్షలన్నీ ఎందుకని అడిగేవారున్నారు. లెక్క చూస్తే వారి మాటలో నిజముంది. క్లార్‌ఫీల్డ్ అనే వైద్యుడు పాత అధ్యయనాలన్నీ క్రోడీకరించి 2003లో చెప్పినదాని ప్రకారం, సరిదిద్దదగిన కారణం కనబడింది 9 శాతం మందిలో, నిజంగా కోలుకున్నది 0.6 శాతం మంది. కానీ ఈ అంకె డిమెన్షియా పూర్తిగా పోయిందా అన్న ప్రశ్నకే జవాబు. ఆల్జీమర్స్ ఉన్న మనిషికి థైరాయిడ్ కూడా సరిచేస్తే, నిద్రమాత్ర మాన్పిస్తే, చెవి యంత్రం పెడితే జబ్బు పోదు. ఆ మనిషి మాత్రం ఇంకొన్నాళ్లు తన అన్నం తాను తినగలుగుతారు. పూటపూటా చూసుకునే కోడలికి, కూతురికి ఆ తేడా ఏమిటో చెప్పనక్కర్లేదు.

స్కాన్ చెప్పేది, మందు చేసేది

స్కాన్ తీస్తే తేలిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. సీటీ, ఎంఆర్ఐ చూపించేవి ముఖ్యంగా ఇవి: గడ్డ ఉందా, రక్తం చేరిందా, పాత పక్షవాతపు మచ్చలున్నాయా, మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగం కుదించుకుపోయిందా. ఇవన్నీ అవసరమే. కానీ ఎనభై ఏళ్ల మెదడు కొంత కుదించుకునే ఉంటుంది. ‘వయసుకు తగ్గ కుదింపు’ అని రిపోర్టులో రాసినంత మాత్రాన జబ్బున్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఇప్పుడు ఆల్జీమర్స్ గుర్తులను రక్తంలోనే పట్టే పరీక్షలు వస్తున్నాయి. అలాంటి ఒకదాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మేలో అనుమతించింది. అయినా ఆ అనుమతి లక్షణాలున్న, 55 దాటినవారికే. ఏ ఇబ్బందీ లేని వృద్ధుల్లో కూడా చాలామంది మెదళ్లలో ఆల్జీమర్స్ గుర్తుల్లో ఒకటైన అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుని ఉంటుంది. గుర్తు ఉండటం వేరు, దాని వల్లే ఈ మనిషికి ఈ ఇబ్బంది వచ్చిందనడం వేరు. ఆ రెంటినీ కలిపేది మళ్లీ ఇంటివాళ్లు చెప్పే కథే.

నయం చేసే మందే లేనప్పుడు పేరు పెట్టి ఏం లాభమని మరో అభ్యంతరం. మందులున్నాయి, వాటి పరిమితి తెలిసి వాడాలి. డొనెపెజిల్, రివాస్టిగ్‌మైన్, గాలంటమైన్ జబ్బు నడకను ఆపవు, కొందరిలో కొన్నాళ్లు చురుకుదనాన్ని నిలబెడతాయి. ఆకలి మందగించడం, విరేచనాలు, నాడి నెమ్మదించడం వాటితో వచ్చే ఇబ్బందులు. జబ్బు ముదిరాక మెమాంటిన్ వాడతారు. కొత్తగా వచ్చిన లెకానెమాబ్ మెదడులోని అమిలాయిడ్‌ను తొలగిస్తుంది. 1,795 మందిపై జరిగిన ప్రయోగంలో 18 నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. వినడానికి గొప్పగా ఉంటుంది, 18 పాయింట్ల కొలతలో ఆ తేడా 0.45. అదీ తొలి దశలో ఉన్నవారికే, రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, మెదడు వాపు, రక్తస్రావం కోసం పదేపదే ఎంఆర్ఐ తీయాలి. ఇది శాస్త్రంలో ముందడుగే. నెల పెన్షన్ మీద బతికే కుటుంబం పొలం అమ్మి కొనాల్సిన మందని మాత్రం నేననను.

కోపం, అనుమానం, రాత్రిళ్లు తిరగడం ఎక్కువైతే ఇచ్చే మానసిక వ్యాధుల మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణ ప్రమాదం పెంచుతాయని 2005లోనే అమెరికాలో హెచ్చరిక జారీ అయింది. ల్యూయీ బాడీ జబ్బున్నవారికి ఇవి మరీ ప్రమాదం. తప్పనిసరైతే తక్కువ మోతాదులో, తక్కువ కాలం. అంతకన్నా ముందు నొప్పి ఉందా, మలబద్ధకం ఉందా, ఆకలేస్తోందా అని చూడాలి. చెప్పుకోలేని మనిషి బాధ చాలాసార్లు కోపంగా బయటికొస్తుంది.

పేరు పెట్టడం వల్ల వచ్చే అసలు లాభం మందుల చీటీకి బయట ఉంది. ఇంట్లో నిందలు ఆగుతాయి. దొంగతనం అంటగట్టింది అత్తగారు కాదు, జబ్బని కోడలికి తెలుస్తుంది. గ్యాస్ స్టవ్, స్కూటరు తాళం గురించి వేళకు నిర్ణయం తీసుకోవచ్చు. వీలునామా, బ్యాంకు నామినీ, ఊళ్లో ఉన్న ఇల్లు, ఇవన్నీ ఆ మనిషి తన మాట తాను చెప్పగలిగినప్పుడే తేల్చుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ముందుగా ఎంచుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. రెండేళ్లు ఆలస్యమైతే ఈ తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి.

ఇక రాకుండా చూసుకోవడం. లాన్సెట్ కమిషన్ 2024లో 14 ముప్పు కారకాలను లెక్కగట్టి, వాటిని పూర్తిగా తొలగించగలిగితే సుమారు 45 శాతం డిమెన్షియా రాకుండానో ఆలస్యంగానో చేయవచ్చంది. అది లోకమంతటికీ వేసిన అంచనా, ఒక మనిషికిచ్చే హామీ కాదు. బీపీ, షుగర్, చెడు కొవ్వు, పొగ, మద్యం, వినికిడి, చూపు, ఒంటరితనం, గాలి కాలుష్యం ఆ జాబితాలో ఉన్నాయి. పారిశ్రామిక పట్టణంలో వీటిలో కొన్ని ఒక్క ఇంటి చేతిలో లేవు. చెవి సంగతి ఉంది. 2023లో వెలువడిన ఒక అమెరికన్ ప్రయోగంలో 977 మంది వృద్ధులను మూడేళ్లు గమనిస్తే, చెవి యంత్రం అందరికీ సమానంగా మేలు చేయలేదు. ముప్పు ఎక్కువున్న వర్గంలో మాత్రం క్షీణతను దాదాపు సగానికి తగ్గించింది. కర్మాగారం మోతలో బతికినవారికి ఈ వార్త పనికొస్తుంది.

దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా. మీ ఇంట్లో పెద్దవారి మీద అనుమానముంటే, భిలాయ్ సెక్టార్ 9 ఆస్పత్రికి వెళ్లినా, రాయపూర్ ఎయిమ్స్‌కు వెళ్లినా, ముందు రోజు ఒక కాగితం మీద రాయండి: ఏడాది కింద చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్న పనులేమిటి, మార్పు ఎప్పుడు మొదలైంది, వేసుకుంటున్న మందులేమిటి, ఏ భాష ఎంత వచ్చు, బడి ఎన్నేళ్లు. కళ్లజోడు, చెవి యంత్రం మర్చిపోకండి. పరీక్ష మొదలయ్యే ముందు ‘ఈ ప్రశ్నలు తెలుగులో అడగవచ్చా, మేం పక్కనుండి చెప్పమంటారా’ అని డాక్టరును అడగండి. అడిగేది తెలుగులోకి తర్జుమా చేయండి, జవాబు మాత్రం మీరు అందించకండి.